పర్యావరణహిత భవనం కట్టాలంటే: ఏది ముందు, ఏది వెనక

పర్యావరణానికి హాని తక్కువ చేసే ఇల్లో ఆఫీసో కట్టాలని అనుకోగానే చాలామంది మొదట అడిగేది సోలార్ ప్యానెళ్ల గురించి. ప్యానెళ్లు మంచివే. కాకపోతే వాటి వంతు దాదాపు చివర్లో వస్తుంది. పడమటి ఎండంతా పడే పెద్ద అద్దాల గోడ పెట్టి, ఆ వేడిని తోడెయ్యడానికి పెద్ద ఏసీలు బిగించి, వాటికి కరెంటు సరిపెట్టడానికి ప్యానెళ్లు కొనడమంటే ఒక తప్పును మూడుసార్లు మోయడమే. ఆ అద్దాన్ని ప్లాన్‌లోనే పక్క గోడకు జరిపి ఉంటే పైసా ఖర్చు లేకుండా పోయేది.

అందుకే ఈ పనిలో వరుస ముఖ్యం. పునాది తీశాక దిక్కు మార్చలేం, స్లాబ్ పోశాక ఎత్తు పెంచలేం. కాగితం మీద గీతను మాత్రం ఎన్నిసార్లయినా చెరిపి గీయొచ్చు. ఇంజినీరుతో, మేస్త్రీతో కూర్చునే ముందు ఈ మెట్లను ఇదే వరుసలో ఆలోచించుకోండి.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. భవనం వల్ల పడే భారం రెండు రకాలు. సిమెంటు, ఉక్కు, ఇటుకలు, అద్దం తయారుచేసి మోసుకొచ్చి కట్టేటప్పుడు వెలువడే కార్బన్ ఒకటి. కట్టాక చల్లదనానికీ వెచ్చదనానికీ దీపాలకూ నీళ్ల మోటార్లకూ ఏళ్ల తరబడి ఖర్చయ్యే శక్తి రెండోది. రెండూ కలిపితే ప్రపంచంలో ఇంధనం, పరిశ్రమల నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో మూడో వంతుకు పైగా భవనాల ఖాతాలోనే పడుతుంది. రెండోది నెలనెలా బిల్లు రూపంలో కనిపిస్తుంది కాబట్టి అందరికీ గుర్తుంటుంది. మొదటిది గృహప్రవేశం నాటికే గాలిలో కలిసిపోయి ఉంటుంది, తర్వాత మీరేం చేసినా వెనక్కి రాదు.

1. ఎంత కావాలో తేల్చుకోండి

అసలు కొత్తగా కట్టాలా? ఉన్న భవనం నిర్మాణం గట్టిగా ఉంటే దాన్ని బాగుచేసుకోవడం దాదాపు ఎప్పుడూ మేలు. పునాదులు, స్తంభాలు, స్లాబుల్లోనే ఎక్కువ కార్బన్ ఉంటుంది. అవి అలాగే ఉంచి పైకప్పు, కిటికీలు, వైరింగ్, ప్లంబింగ్ మార్చుకుంటే పెద్ద భారం తప్పినట్టే.

కొత్తది తప్పదనుకుంటే గదుల పేర్లు కాకుండా ఆ గదుల్లో జరిగే పనులు రాసుకోండి. ఎవరు, ఏ వేళ, ఎంతసేపు వాడతారు? ఏడాదికి రెండుసార్లు వాడే గదిని రోజూ వాడే గదితో కలపగలిగితే ఒక గది మొత్తం తగ్గుతుంది. కట్టని గదికి సిమెంటు అక్కర్లేదు, ఏసీ అక్కర్లేదు, తుడవడం అక్కర్లేదు. ఈ ఒక్క నిర్ణయానికి సాటి వచ్చే టెక్నాలజీ ఇంతవరకు నాకు కనబడలేదు.

2. స్థలాన్ని చదవండి

ప్లాన్ గీయించే ముందు స్థలానికి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వెళ్లి చూడండి. నీడ ఎక్కడ పడుతోంది, గాలి ఏ వైపు నుంచి వస్తోంది, వాన నీళ్లు ఎటు పారి ఎక్కడ నిలుస్తున్నాయి, పెద్ద చెట్లు ఎక్కడున్నాయి, ఇవన్నీ ఒక బొమ్మగా గీసుకోండి. భవనాన్ని రెండు మీటర్లు పక్కకు జరిపితే చెట్టు బతుకుతుందంటే జరపండి. అంత నీడనిచ్చే చెట్టు మళ్లీ పెరగాలంటే ఇరవై ఏళ్లు పడుతుంది.

తవ్వకం మొదలుపెట్టేటప్పుడు పైన ఉండే జానెడు మట్టిని విడిగా ఒక పక్కన పోయించండి. మొక్కలకు కావలసిన సారమంతా దాంట్లోనే ఉంటుంది. అడుగు మట్టితో కలిపేస్తే తర్వాత తోట కోసం బయటి నుంచి మట్టి కొనుక్కోవాల్సి వస్తుంది.

3. దిక్కు, ఆకారం

పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకు, పొట్టి గోడలు తూర్పు పడమరలకు ఉండేలా భవనాన్ని పెట్టండి. తూర్పు, పడమటి ఎండ కిందినుంచి వాలుగా వస్తుంది, దాన్ని ఆపడం కష్టం. నడినెత్తి ఎండను ఆపడం తేలిక. స్థలం ఆకారం ఒప్పుకోకపోతే కంగారు పడకండి. మెట్లు, బాత్రూములు, స్టోర్ రూమ్ లాంటివి పడమటి వైపు పెట్టండి. అవి వేడికి అడ్డుగోడలా నిలబడి, ఎక్కువసేపు ఉండే గదులను కాపాడతాయి.

చలి ప్రాంతంలో భవనం బిగువుగా, మూలలు తక్కువగా ఉండాలి. బయటి గోడ ఎంత తగ్గితే వెచ్చదనం అంత నిలుస్తుంది. ఉక్కపోత ప్రాంతంలో మాత్రం సన్నగా పొడుగ్గా ఉంటేనే గాలి ఇటునుంచి అటు దూసుకుపోతుంది.

4. నీడను లెక్కేసి గీయండి

సజ్జ ఎంత వెడల్పు ఉండాలని అడిగితే చాలాచోట్ల అలవాటుగా ఒకే కొలత చెప్పి అన్ని కిటికీలకూ అదే పోస్తారు. పెన్ను, కాగితం ఉంటే ఈ లెక్క మీరే వేసుకోవచ్చు.

మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజున మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కావాలంటే 90 డిగ్రీల్లోంచి మీ ఊరి అక్షాంశం తీసేయండి. నడివేసవికి దానికి 23.5 కలపండి, నడిచలికాలానికి 23.5 తీసేయండి. ఉదాహరణకు 30 డిగ్రీల ఉత్తర అక్షాంశం తీసుకుందాం. నడివేసవిలో సూర్యుడు 83.5 డిగ్రీల ఎత్తులో, చలికాలంలో 36.5 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. సజ్జ వెడల్పును ఆ కోణం టాంజెంట్‌తో గుణిస్తే నీడ ఎంత కిందికి దిగుతుందో తెలుస్తుంది.

దక్షిణపు కిటికీ మీద 60 సెంటీమీటర్ల సజ్జ ఉందనుకోండి. సెప్టెంబరులో మధ్యాహ్నం నీడ మీటరుకు కొంచెం పైగా దిగుతుంది, నడివేసవిలో కిటికీ మొత్తాన్నీ దాటిపోతుంది. చలికాలంలో 44 సెంటీమీటర్లే దిగుతుంది. అంటే 120 సెంటీమీటర్ల కిటికీలో కింద 76 సెంటీమీటర్ల మేర వెచ్చని ఎండ లోపలికి వస్తుంది. కదలని ఒక పలక ఎండాకాలం ఎండను ఆపుతుంది, చలికాలం ఎండను రానిస్తుంది. దీనికి మోటారు లేదు, రిమోట్ లేదు, రిపేరు లేదు. నన్ను అడిగితే భవన నిర్మాణంలో ఇంతకన్నా అందమైన లెక్క లేదు.

భూమధ్యరేఖకు దక్షిణాన ఉంటే ఉత్తర, దక్షిణాలను తారుమారు చేసుకోండి. అక్షాంశం 23.5 కన్నా తక్కువైతే ఏడాదిలో కొంతకాలం సూర్యుడు అవతలి వైపుకు కూడా దాటతాడు కాబట్టి రెండు వైపులా సజ్జ కావాలి, అవతలి వైపు చిన్నది చాలు. చలి అన్నదే లేని చోట సజ్జను ఇంకా వెడల్పు చేసి ఏడాది పొడవునా నీడ పట్టండి.

ఈ లెక్క తూర్పు, పడమరలకు పనిచేయదు. అక్కడ సజ్జ ఎంత పొడుగు పెంచినా సాయంత్రం ఎండ దాని కిందినుంచి దూరుతుంది. నిలువు పలకలు, జాలీ గోడ, బయట తెరలు, చెట్లు, లేదా చిన్న కిటికీలు పెట్టుకోవాలి. కర్టెన్ల మీద మరీ నమ్మకం పెట్టుకోకండి. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక దానివల్ల పుట్టే వేడిలో చాలా భాగం గదిలోనే ఉండిపోతుంది. ఎండను ఆపితే అద్దం బయటే ఆపాలి.

5. పైకప్పు

వేసవిలో భవనం మొత్తంలో ఎక్కువ ఎండ తినేది పైకప్పే. ముదురు రంగు కప్పు తన మీద పడిన ఎండలో 80 శాతానికి పైగా పీల్చుకుంటుంది. మంచి తెల్ల పూత అంతే మోతాదును వెనక్కి కొట్టగలదు. ఖర్చుకు తగ్గ ఫలితం చూస్తే వేడి ప్రాంతాల్లో దీన్ని మించినది లేదు. అయితే దుమ్ము పడితే తెలుపు పోతుంది. ఏడాదికోసారి కడగాలి, కొన్నేళ్లకోసారి మళ్లీ పూత వేయాలి. అది చేయించే ఓపిక లేకపోతే తెల్లటి టైల్స్ పరిపించుకోండి.

ఇన్సులేషన్, అంటే వేడిని ఆపే పొర, వేస్తే స్లాబ్ పైన వేయించండి, లోపల సీలింగ్‌కు అంటించకండి. పైన వేస్తే స్లాబ్‌కే ఎండ తగలదు, కాంక్రీటు వ్యాకోచ సంకోచాలు తగ్గి పగుళ్లు కూడా తగ్గుతాయి.

కప్పు మీద తోట పెంచాలని ఉంటే స్లాబ్ డిజైన్ చేయకముందే ఇంజినీరుకు చెప్పండి. తడిసిన మట్టి 10 సెంటీమీటర్ల మందం ఉంటే చదరపు మీటరుకు 150 నుంచి 200 కిలోల బరువు పడుతుంది. తర్వాత చూసుకుందాం అనుకునే విషయం కాదిది.

6. గాలి

గాలి లోపలికి రావడానికి దారి ఇస్తే సరిపోదు, బయటికి పోవడానికీ దారి ఉండాలి. ఎదురెదురు గోడల్లో, లేదా పక్కపక్క గోడల్లో కిటికీలు పెట్టండి. గాలి వెళ్లే వైపు కిటికీ, వచ్చే వైపు దానికి సమానంగా లేదా కాస్త పెద్దగా ఉంటే ప్రవాహం బాగుంటుంది. మధ్యలో గోడ అడ్డొస్తే తలుపు పైన వెంటిలేటర్ వదలండి. రాత్రి తలుపు మూసుకున్నా గాలి ఆడుతుంది.

గాలి స్తంభించిన రోజుల కోసం ఎత్తును వాడుకోండి. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి మెట్ల గది పైభాగంలో తెరుచుకునే కిటికీ పెట్టి, కింద నీడ ఉన్న వైపు కిటికీలు తెరిస్తే భవనమే పొగగొట్టంలా పనిచేస్తుంది. జింబాబ్వే రాజధాని హరారేలో 1996లో పూర్తయిన ఈస్ట్‌గేట్ సెంటర్ ఇదే సూత్రం మీద నడుస్తోంది. ఆర్కిటెక్ట్ మిక్ పియర్స్ చెదపుట్టల నుంచి స్ఫూర్తి తీసుకుని, రాత్రి చల్లగాలిని అంతస్తుల కింద ఉన్న ఖాళీల గుండా ఫ్యాన్లతో నడిపించి కాంక్రీటును చల్లబరిచేలా గీశాడు. పగలు ఆ చల్లటి కాంక్రీటు లోపలి గాలిని చల్లగా ఉంచుతుంది. అంత పెద్ద భవనానికి మామూలుగా పెట్టే ఏసీ వ్యవస్థ అవసరం పడలేదు.

అయితే హరారేలో రాత్రులు బాగా చల్లబడతాయి, అందుకే ఆ పద్ధతి అక్కడ కుదిరింది. మీ దగ్గర పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రతలో పెద్ద తేడా ఉంటే మీరూ అదే చేయండి. రాత్రంతా కిటికీలు తెరవండి, ఎండెక్కాక మూసేయండి. రాత్రి కూడా ఉక్కపోసే తీర ప్రాంతంలో ఈ కిటుకు పనిచేయదు. అక్కడ నీడ, నిరంతరం కదిలే గాలి, సీలింగ్ ఫ్యాన్, ఈ మూడే దిక్కు. ఒంటికి ఫ్యాన్ గాలి తగిలితే గది ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు ఎక్కువున్నా హాయిగానే ఉంటుంది.

వెలుతురు సంగతి ఇక్కడే చూసుకోండి. కిటికీ పై అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటే, సుమారు దానికి రెండు, రెండున్నర రెట్ల దూరం దాకా పనికొచ్చే పగటి వెలుగు వస్తుంది. అంచు 2.1 మీటర్ల ఎత్తులో ఉంటే నాలుగున్నర, ఐదు మీటర్లు. గది అంతకన్నా లోతుగా ఉంటే పట్టపగలు దీపాలు వేసుకోవాల్సిందే.

7. గోడలు, సామగ్రి

గోడ ఎంపికకూ వాతావరణమే ఆధారం. రాయి, మట్టి, నిండు ఇటుకతో కట్టిన బరువైన గోడ పగటి వేడిని పీల్చుకుని కొన్ని గంటలు ఆలస్యంగా లోపలికి వదులుతుంది. రాత్రి చల్లబడే చోట ఇది వరం. ఉక్కపోత చోట పడకగదికి ఇదే గోడ శాపం, నిద్రపోయే వేళకు వేడి విడుదల చేస్తుంది. అక్కడ తేలికపాటి గోడలు నయం. ఏఏసీ బ్లాకుల (లోపల సన్నటి గాలి బుడగలుండే తేలికపాటి కాంక్రీటు ఇటుకల) గుండా వేడి ప్రసారం, మామూలు ఇటుకతో పోలిస్తే సుమారు నాలుగో వంతే ఉంటుంది. ఇటుకే వాడాలనుకుంటే ర్యాట్ ట్రాప్ బాండ్ పద్ధతి అడగండి. ఇటుకలను అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి కడతారు. ఇటుకల్లో దాదాపు పావు వంతు ఆదా, మధ్యలోని గాలి వేడిని ఆపుతుంది. బ్రిటన్‌లో పుట్టి భారతదేశంలో స్థిరపడిన ఆర్కిటెక్ట్ లారీ బేకర్ దీన్ని వందల భవనాల్లో వాడి నిలబెట్టాడు. మేస్త్రీకి అలవాటు లేకపోతే ముందు ఒక చిన్న ప్రహరీ ముక్క కట్టించి చూడండి.

ఇక సిమెంటు. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో సుమారు 7, 8 శాతం ఒక్క సిమెంటువే. బట్టీని 1,450 డిగ్రీల దాకా వేడి చేయడానికి కాల్చే బొగ్గు ఒక కారణం. దానికన్నా పెద్ద కారణం సున్నపురాయే. అది కాలి సున్నంగా మారేటప్పుడు రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. బొగ్గు మానేసి సౌరశక్తితో కాల్చినా ఈ వాటా ఆగదు. కాబట్టి మన చేతిలో ఉన్న దారి క్లింకర్ (బట్టీలో కాలి తయారయ్యే గడ్డలు, సిమెంటుకు ముడిసరుకు) తక్కువ ఉన్న సిమెంటు వాడడం. ఫ్లైయాష్ (థర్మల్ కరెంటు కేంద్రాల బూడిద) కలిపిన సిమెంటు, ఉక్కు కర్మాగారాల చిట్టెంతో చేసే స్లాగ్ సిమెంటు చాలాచోట్ల దొరుకుతున్నాయి. కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపిన ఎల్‌సీ3 అనే రకంలో క్లింకర్ సగమే ఉంటుంది, ఉద్గారాలు 40 శాతం దాకా తగ్గుతాయి.

ఇలాంటి సిమెంట్లతో ఒక జాగ్రత్త ఉంది. ఇవి బలం పుంజుకోవడానికి కాస్త ఎక్కువ టైం తీసుకుంటాయి. మామూలు సిమెంటుకు 7 రోజులు నీళ్లు పట్టేవాళ్లు దీనికి 10 నుంచి 14 రోజులు పట్టాలి. తడి గోనెపట్టాలు కప్పితే నీళ్లూ ఆదా. సెంట్రింగ్ తీయడానికి తొందరపెట్టకండి. ఈ సిమెంటు బాగోలేదని వినిపించే ఫిర్యాదుల్లో చాలావరకు క్యూరింగ్ సరిగా చేయనివే.

సిమెంటు రకం మార్చడం కన్నా దాని మోతాదు తగ్గించడం ఇంకా మేలు. స్తంభాల మధ్య దూరం అనవసరంగా పెంచితే దూలాలు, స్లాబ్, ఉక్కు అన్నీ పెరుగుతాయి. పార్కింగ్ కోసం సెల్లార్ తవ్వడం అన్నిటికన్నా భారీ నిర్ణయం, నేల మీద సర్దుకోగలిగితే తవ్వకండి. మట్టి పరీక్ష చేయించండి. పరీక్ష లేకపోతే ఇంజినీరు భయంతో పునాదిని రెట్టింపు చేస్తాడు, అందులో ఆయన తప్పేమీ లేదు.

తలుపులకు, కిటికీలకు పాత కలప దొరికితే వదులుకోకండి. కొత్త కలపైతే అడవి పెంపకం బాధ్యతగా జరిగిందని చెప్పే ఎఫ్‌ఎస్‌సీ ముద్ర ఉందేమో చూడండి.

8. నీళ్లు

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఇంతకన్నా సులువైన లెక్క లేదు. 100 చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే 80,000 లీటర్లు. ఆవిరీ, చిందడమూ తీసేసి 80 శాతం పట్టుకున్నా 64,000 లీటర్లు చేతికొస్తాయి. మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్ల వాన కప్పు మీది దుమ్మునూ రెట్టలనూ కడుగుతుంది కాబట్టి ఆ 100, 200 లీటర్లు పక్కకు పోయేలా పైపు పెట్టించండి. మిగిలినది ఫిల్టర్ గుండా ట్యాంకుకో, ఇంకుడు గుంతకో పంపండి. ఇంకుడు గుంత పునాదికి ఆనుకుని ఉండకూడదు.

బాత్రూముల్లో షవరు, వాష్‌బేసిన్ నీళ్లకు ఒక పైపు, టాయిలెట్ నీళ్లకు మరో పైపు వేయించండి. షవరు, బేసిన్ నీళ్లను శుద్ధిచేసి మొక్కలకో, ఫ్లష్‌కో వాడాలన్న ఆలోచన ఇప్పుడు లేకపోయినా పైపులు మాత్రం విడిగానే ఉండనివ్వండి. కట్టేటప్పుడు కొద్దిపాటి పని, తర్వాత టైల్స్ పగలగొట్టాల్సిన పని. పాత ఫ్లష్ ట్యాంకులు ఒక్కసారికి 10 లీటర్లకు పైగా వదిలేవి. రెండు బటన్లవి 3, 6 లీటర్లతో సరిపెడతాయి. నీటి ధారలో గాలి కలిపేలా కుళాయి మూతికి బిగించే ఎయిరేటర్ చిన్న వస్తువే కానీ రోజూ నీళ్లు మిగులుస్తుంది.

9. లోపలి గాలి ఆరోగ్యం

రంగులు, పాలిష్‌లు, ప్లైవుడ్‌లోని జిగురు నెలల తరబడి ఘాటైన వాయువులు వదులుతాయి. వీఓసీ (గాలిలోకి ఆవిరయ్యే ఇలాంటి రసాయనాలు) తక్కువున్న రంగులు, ఫార్మాల్డిహైడ్ తక్కువగా వదిలే ఈ0, ఈ1 తరగతి ప్లైవుడ్ అడగండి. పసిపిల్లలు, ఆస్తమా ఉన్నవాళ్లు ఉండే ఇంట్లో దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. వంటగది ఎగ్జాస్ట్ పొగను బయటికే పంపాలి. ఫిల్టర్ చేసి మళ్లీ గదిలోకే వదిలేది తేమను తగ్గించదు.

చలి ప్రాంతంలో గాలి చొరబడకుండా బిగించి కడతారు కాబట్టి తాజా గాలికి విడిగా ఏర్పాటు ఉండాలి. 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో పూర్తయిన మొదటి పాసివ్ హౌస్ (అతి తక్కువ శక్తితో నడిచే ఇళ్ల ప్రమాణం) ఇళ్లలో బయటికి పోయే గాలి వేడిని లోపలికి వచ్చే గాలికి అందించే యంత్రం పెట్టారు. ఆ ప్రమాణం ప్రకారం గదులు వెచ్చగా ఉంచడానికి చదరపు మీటరుకు ఏడాదికి 15 యూనిట్లకు మించి శక్తి అవసరం పడకూడదు.

10. యంత్రాలు, ఆ తర్వాత ప్యానెళ్లు

పై పనులన్నీ అయ్యాక ఏసీ ఎంత కావాలో లెక్క వేయించండి. గది వైశాల్యం చూసి టన్నులు చెప్పేసేవాళ్ల మాట వినకండి. నీడ, కప్పు ఇన్సులేషన్ కలుపుకుని లెక్కేస్తే చాలాసార్లు చిన్న యంత్రమే సరిపోతుంది. బ్రష్‌లు లేని మోటారుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల చుట్టూ తీసుకుంటుంది, పాత రకం 70 వాట్లకు పైనే. వేడినీళ్లకు హీట్ పంప్ (చుట్టూ ఉన్న గాలిలోని వేడిని నీళ్లలోకి ఎక్కించే యంత్రం) పెడితే ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడి వస్తుంది.

ఇప్పుడు ప్యానెళ్ల వంతు. కిలోవాట్‌కు 5 నుంచి 10 చదరపు మీటర్ల చోటు కావాలి. ఎండ బాగా కాసే ప్రాంతంలో కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్ల దాకా వస్తుంది. నీళ్ల ట్యాంకు, మెట్ల గది నీడ వాటి మీద పడకుండా ప్లాన్‌లోనే చోటు కేటాయించండి. వెంటనే కొనే స్థోమత లేకపోయినా కప్పు నుంచి మీటరు దాకా ఖాళీ పైపు వేసి ఉంచండి.

సర్టిఫికెట్ కావాలా?

పర్యావరణహిత భవనాలను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతుల్లో బ్రిటన్‌లో 1990లో వచ్చిన బ్రీమ్, అమెరికాలో 1998లో మొదలైన లీడ్, భారతదేశంలోని గృహ, ప్రపంచ బ్యాంకు బృందానికి చెందిన ఐఎఫ్‌సీ తెచ్చిన ఎడ్జ్, ఇలా చాలా ఉన్నాయి. ఎడ్జ్ పద్ధతి సూటిగా ఉంటుంది: మామూలు భవనంతో పోలిస్తే శక్తి, నీళ్లు, సామగ్రిలో ఒక్కోదాంట్లో కనీసం 20 శాతం ఆదా చూపించాలి. ఆఫీసులకు, అద్దెకిచ్చే భవనాలకు, అప్పిచ్చేవాళ్లకు చూపించడానికి సర్టిఫికెట్ ఉపయోగపడుతుంది. సొంత ఇంటికి అయితే దరఖాస్తు పెట్టకపోయినా వాటి చెక్‌లిస్టు దగ్గర పెట్టుకోండి, మర్చిపోయినవి గుర్తొస్తాయి. పాయింట్ల కోసం మాత్రం ఏ పనీ చేయకండి.

చేరాక మొదటి ఏడాది

ప్రతి నెలా ఒకే తేదీన కరెంటు మీటరు, నీళ్ల మీటరు రీడింగులు రాసుకోండి. ప్రతి గదిలో కాకపోయినా ఎక్కువసేపు ఉండే గదిలో ఉష్ణోగ్రత, తేమ చూపించే చిన్న పరికరం పెట్టండి. తేమ తరచూ 60 శాతం దాటుతుంటే ఎక్కడో లీకు ఉందా, గాలి ఆడడం లేదా అని వెతకాలి. అందరూ నిద్రపోయే వేళ నీళ్ల మీటరు కదులుతుంటే ఫ్లష్ ట్యాంకో, భూమిలోని పైపో కారుతున్నట్టే. వేసవిలో ఏ గది ఎక్కువ వేడెక్కుతోందో చూసి, ఆ కిటికీ బయట తెర కట్టండి. ఆ లెక్కలు ఇంజినీరుకు కూడా ఒక కాపీ ఇవ్వండి. కట్టి తాళం చెవులు అప్పగించాక తాము గీసిన భవనం ఎలా నడుస్తోందో తెలుసుకునే అవకాశం వాళ్లకు చాలా అరుదుగా దొరుకుతుంది.